గొడుగు, గడువు, లెక్క: అజైల్ టీమ్‌ను ఏ పద్ధతిలో నడపాలి?

అజైల్ టీమ్‌కు, అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న విడతల్లో కడుతూ ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే టీమ్‌కు, కొత్తగా లీడ్ బాధ్యత మీద పడ్డవాళ్లు ముందు అడిగేది పద్ధతి గురించి. స్క్రమ్ (పనిని స్ప్రింట్లు అనే కొద్ది వారాల విడతలుగా చేయడం) పెట్టాలా, కాన్‌బాన్ (పనులను బోర్డు మీద పెట్టి, ఒకేసారి చేతిలో ఉండేవాటికి పరిమితి పెట్టడం) పెట్టాలా, స్టోరీ పాయింట్లు (ఒక పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలు) ఉంచాలా తీసేయాలా అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. బోర్డు మార్చాను, మీటింగుల పేర్లు మార్చాను. ఆరు నెలలు గడిచాక చూస్తే టీమ్ అక్కడే ఉంది, ఫలితమూ అక్కడే ఉంది. పద్ధతి కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది: టీమ్‌కు మీరు ఏం చెప్తారు, ఏం దాస్తారు? పైవాళ్లకు ఏం చెప్తారు, ఏం దాస్తారు?

నిజాయితీగా ఉంటే ఫలితం దెబ్బతింటుందని, ఫలితం కావాలంటే కాస్త కటువుగా, కాస్త గుంభనంగా ఉండక తప్పదని చాలామంది లోలోపల నమ్ముతారు. నేను నమ్మను. బిజినెస్ లెక్కలు టీమ్ ముందు పెట్టాలన్నా, టీమ్ అసలు పరిస్థితి పైకి చెప్పాలన్నా కావలసింది ఒకే గుణం. కింద పోల్చి చూసే ఎంపికలన్నిటిలో నేను ఆ వైపే మొగ్గుతాను. ఎక్కడ మొగ్గకూడదో కూడా చెప్తాను.

మూడు రకాల లీడ్‌లు

గొడుగు లీడ్ అంటే అందరికీ ఇష్టం. క్లయింట్ కోపం, బడ్జెట్ గొడవ, పక్క టీమ్ ఫిర్యాదు ఏదీ స్టాండప్ (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగు) దాకా రానివ్వరు. అన్నీ తన మీద వేసుకుని టీమ్‌ను ప్రశాంతంగా పని చేసుకోనిస్తారు. సర్వెంట్ లీడర్‌షిప్ (సేవ చేస్తూ నడిపించడం) అనే మాటను చాలామంది ఇలాగే అర్థం చేసుకున్నారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసంలో పెట్టిన పరీక్ష వేరు: సేవ అందుకున్నవాళ్లు మనుషులుగా ఎదిగారా, మరింత స్వతంత్రంగా తయారయ్యారా అని ఆయన అడిగారు. గొడుగు కింద ఉన్నవాళ్లు తడవరు, నిజమే. వాన ఎంత పడుతోందో కూడా వాళ్లకు తెలియదు. ఒకరోజు ప్రాజెక్టు ఆపేస్తున్నామని మెయిల్ వస్తుంది. "మనం బాగానే చేస్తున్నాం కదండి?" అని అడిగేవాళ్లకు చెప్పడానికి గొడుగు లీడ్ దగ్గర ఏమీ ఉండదు.

గడువు లీడ్ దగ్గర అంతా తారీఖు చుట్టూ తిరుగుతుంది. ఈ పద్ధతిని తిట్టడం తేలిక, కానీ దానికీ చోటు ఉంది. ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్, పడిపోయినప్పుడు ఓటింగ్ పెట్టకూడదు. ఎవరు లాగ్‌లు చూడాలి, ఎవరు పాత వెర్షన్‌కు వెనక్కి రోల్ చేయాలి, కస్టమర్లకు ఎవరు చెప్పాలి అన్నది ఒక్క గొంతు చెప్పాలి. ఆ కొన్ని గంటలు ఆజ్ఞలే అందరికీ ఊరట. అదే ధోరణి నెలల తరబడి సాగితే చెడ్డవార్త రావడం ఆగిపోతుంది. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ "అయిపోవచ్చింది" అనే జవాబు వస్తుంది. ఆ ఒక్క మాట ఎన్ని వారాలు బతకగలదో లీడ్‌గా చేసిన ఎవరికైనా తెలుసు.

లెక్క లీడ్ అని నేను పిలిచేది మూడో రకాన్ని. టీమ్ చేసే పని ఎందుకు చేస్తున్నారో, దానివల్ల ఏ అంకె కదలాలో, ఇప్పుడది ఎక్కడుందో అందరి ముందూ పెట్టేవాళ్లు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, ఒక ప్లానింగ్ మీటింగులో తల దించుకున్నాక వచ్చింది.

పాస్‌వర్డ్ రీసెట్ స్క్రీన్లన్నీ కొత్తగా కట్టాలని మూడు స్ప్రింట్ల పని రాసుకున్నాం. సపోర్ట్‌కు వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం దాని గురించేనని పైనుంచి వచ్చిన మాట. అప్పటికి నేను నికార్సైన గొడుగు లీడ్‌ని. ఆ ఫిర్యాదుల జాబితా టీమ్‌కు చూపించలేదు, వాళ్లకెందుకీ తలనొప్పి అనుకున్నాను. "అసలు వాళ్లు ఏమని కంప్లయింట్ చేస్తున్నారండి?" అని ఎవరో అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సపోర్ట్ వాళ్లను బతిమాలి రెండు వారాల టికెట్లు తెచ్చి తెర మీద పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, కిందికి స్క్రోల్ చేస్తూనే ఉన్నాం. టెస్టింగ్ చూసే అమ్మాయి "ఒక్క నిమిషం ఆపండి, టైమ్ కాలమ్ చూడండి" అంది. టికెట్లు రోజంతా సమానంగా రావడం లేదు. ఉదయం 9:30 నుంచి 10:30 మధ్య గుట్టగా పడుతున్నాయి. ఆ గంటలోనే మార్కెటింగ్ మెయిల్స్ అదే క్యూలోంచి వేలల్లో వెళ్తాయి. రీసెట్ మెయిల్ వాటి వెనక వరసలో నిలబడి 20 నిమిషాలకు చేరుతోంది. అందులోని లింకేమో 15 నిమిషాలకే చెల్లకుండా పోతుంది. స్క్రీన్లలో ఏ లోపమూ లేదు. రీసెట్ మెయిల్స్‌కు వేరే క్యూ పెట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడు స్ప్రింట్ల ఎపిక్, అంటే ఆ పెద్ద పని, బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) అడుక్కి వెళ్లిపోయింది.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది. ముందు మీకే లెక్కలు తెలియాలి, అంటే ఫైనాన్స్ వాళ్ల చుట్టూ, సపోర్ట్ వాళ్ల చుట్టూ తిరగాలి. అంకెలు పడిపోతున్న నెలలో టీమ్‌లో కొందరికి నిద్ర పట్టదు. అప్పుడే ఏర్పడిన టీమ్ మీద మొదటి వారంలోనే లెక్కలన్నీ గుమ్మరిస్తే వాళ్లు ఏది పట్టుకోవాలో తెలియక నిలబడిపోతారు. అందుకని కొత్త టీమ్‌కు మొదటి ఒకటి రెండు నెలలు గొడుగు పట్టండి. అత్యవసరంలో కొన్ని గంటలు గడువు లీడ్ అవ్వండి. మిగతా కాలమంతా లెక్క లీడ్‌గా ఉండండి. గొడుగును పూర్తిగా మూసేయమని కూడా అనడం లేదు. స్ప్రింట్ మధ్యలో వచ్చిపడే "చిన్న రిక్వెస్ట్"ల గోలను అడ్డుకోవడానికి అది ఎప్పుడూ కావాలి. సమాచారాన్ని అడ్డుకోవడానికి మాత్రం వాడకండి.

స్క్రమ్ నియమాలు రాసిన స్క్రమ్ గైడ్ కూడా ఇటువైపే జరిగింది. 2020 నవంబరులో వచ్చిన సవరణలో స్క్రమ్ మాస్టర్‌ను (టీమ్‌లో స్క్రమ్ సరిగ్గా సాగేలా చూసే మనిషిని) సర్వెంట్ లీడర్ అనడం మానేసి, సేవ చేసే నిజమైన నాయకుడు అనే అర్థం వచ్చేలా రాశారు. టీమ్ ఎంత సమర్థంగా పనిచేస్తోందన్నదానికి స్క్రమ్ మాస్టర్ జవాబుదారీ అని కూడా తేల్చారు. మీటింగులు పెట్టి, బోర్డు మీద కార్డులు జరిపి ఊరుకునే ఉద్యోగం కాదని దానర్థం.

మనసులో మాటంతా చెప్పాలా?

నిజాయితీ అనగానే రెండు కొసలు కనిపిస్తాయి. ఒక కొసన ప్రొఫెషనల్ ముసుగు: ఎప్పుడూ చిరునవ్వు, ఎప్పుడూ "ఎవ్రీథింగ్ ఈజ్ ఆన్ ట్రాక్". ఇంకో కొసన "నేనింతే, నాకు దాచడం రాదు" అని కోపం, భయం, విసుగు అన్నీ టీమ్ మీద దులిపేయడం. మొదటిదాన్ని ఎవరూ నమ్మరు. రెండోదాన్ని ఎవరూ భరించలేరు.

హెర్మీనియా ఇబారా అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 2015లో ఈ చిక్కు గురించే రాశారు. నాకు అలవాటైన నేనే అసలు నేను అని పట్టుకు కూర్చుంటే కొత్త బాధ్యతకు కావలసినట్టు మారలేం, నిజాయితీ అన్న పేరు ఎదగకుండా ఉండడానికి సాకవుతుంది అన్నది ఆమె వాదన. ఇది నేను రోజూ చూస్తాను. "నాది మాట్లాడే స్వభావం కాదండి" అనే లీడ్ ఏడాదిగా ఒక డెవలపర్‌కు కోడ్ నాణ్యత గురించి చెప్పాల్సిన మాట చెప్పకుండా అప్రైజల్ దాకా లాగుతారు. ఇక "నేను ముక్కుసూటి మనిషిని" అనేవాళ్ల సంగతి. వాళ్లలో చాలామందికి ముక్కు ఒక్క దిక్కుకే సూటిగా ఉంటుంది, కిందివాళ్ల వైపు. డైరెక్టర్ గదిలోకి వెళ్లగానే అది కాస్తా వంగుతుంది.

నేను సూచించేది: పని గురించి పూర్తిగా చెప్పండి, మీ మూడ్ గురించి తక్కువగా చెప్పండి. తారీఖులు, డబ్బు, రిస్క్, కస్టమర్ అన్న మాట, మీ తప్పులు, ఇవన్నీ పని. డైరెక్టర్ మీద మీకున్న కోపం మీ మూడ్. చెప్పకూడని విషయాలూ ఉంటాయి. టీమ్‌లను కలిపేస్తారన్న చర్చ నడుస్తోందని మీకు తెలుసు, చెప్పే అధికారం లేదు. అప్పుడు "నాకేం తెలియదు" అనకండి. "కొంత తెలుసు, ఇప్పుడు చెప్పలేను, చెప్పగలిగిన రోజున ముందు మీకే చెప్తాను" అనండి. మొదటిది అబద్ధమని రెండు నెలల్లో బయటపడుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే స్ప్రింట్ గోల్‌ను కూడా సగమే నమ్ముతారు.

నిజాయితీకి రోజువారీ శత్రువు అబద్ధం కంటే మొహమాటం. స్ప్రింట్ మధ్యలో సేల్స్ హెడ్ వచ్చి "చిన్న మార్పే కదా, పెట్టేయండి" అంటారు. కుదరదని అనలేక "చూద్దాం" అంటాం. ఆ "చూద్దాం" ఆయనకు సరే అని వినిపిస్తుంది, టీమ్‌కు కాదని వినిపిస్తుంది, మనకేమో తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. ఒక్క మాటకు మూడు అర్థాలు, రెండు వారాల తర్వాత మూడు గొడవలు. "ఇది తీసుకుంటే ఫలానాది ఈ స్ప్రింట్‌లో రాదు, ఏది కావాలో మీరే చెప్పండి" అని అప్పుడే అనేస్తే ఆ నిమిషం ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

కిందినుంచి నిజం రావడం గురించి ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధన ప్రతి లీడూ తెలుసుకోవాలి. ఆస్పత్రి టీమ్‌లను చూస్తూ, మంచి టీమ్‌లలో మందుల విషయంలో తప్పులు తక్కువ ఉంటాయని ఆమె ఊహించారు. లెక్క తిరగబడింది. మంచి టీమ్‌లలోనే నమోదైన తప్పులు ఎక్కువ. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల అలా రాలేదు, భయం లేకుండా బయటపెట్టడం వల్ల వచ్చింది. సైకలాజికల్ సేఫ్టీ (తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా తనకేం కాదన్న నమ్మకం) గురించి ఆమె 1999లో ప్రచురించిన పరిశోధనకు బీజం అక్కడ పడింది. గూగుల్ తన టీమ్‌ల మీద 2012లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అనే అధ్యయనం కూడా టీమ్‌ల సమర్థతకు కారణాల్లో దీన్నే మొదట పెట్టింది. ఈసారి మీ టీమ్ బగ్‌ల గ్రాఫ్ కిందికి దిగితే వెంటనే మురిసిపోకండి. బగ్‌లు తగ్గాయా, చెప్పడం తగ్గిందా అని ఒకసారి అడగండి.

చెప్పే అలవాటు ఎక్కణ్నుంచి మొదలవ్వాలంటే మీ నుంచే. ఒక రెట్రోలో (స్ప్రింట్ ఎలా గడిచిందో వెనక్కి చూసుకునే మీటింగులో) నేను ముందుగా "ఆ తారీఖుకు మిమ్మల్ని అడగకుండా ఒప్పుకున్నది నేనే" అన్నాను. గది కాసేపు బిగుసుకుపోయింది. తర్వాత ఒక సీనియర్ డెవలపర్, పేమెంట్ ఇంటిగ్రేషన్ టెస్ట్ మూడు వారాలుగా అప్పుడప్పుడు ఫెయిలవుతోందని, మళ్లీ రన్ చేస్తే పాస్ అవుతోందని ఊరుకున్నానని చెప్పారు. మూడు వారాలు! నేను ముందు నోరు విప్పకపోతే నాలుగో వారం కూడా గడిచేది. అయితే సేఫ్టీ అంటే ఎవరినీ ఏమీ అనకపోవడం అనుకోకండి. ఎడ్మండ్‌సన్ కూడా దాన్ని ఉన్నత ప్రమాణాలతో జోడించే చెప్తారు. ప్రమాణాలు లేని సేఫ్టీలో అందరూ హాయిగా ఉంటారు, పని మాత్రం కదలదు.

దేన్ని కొలవాలి?

అసలు తేడా వచ్చేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని అజైల్ మ్యానిఫెస్టో రాశారు. దాని వెనక ఉన్న 12 సూత్రాల్లో అందరికీ గుర్తుండేది పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ముఖ్యమైన కొలత అన్నది. మొట్టమొదటి సూత్రంలో మాత్రం కస్టమర్‌కు విలువైన సాఫ్ట్‌వేర్ అందించడం అని ఉంది. "పనిచేసే" గుర్తుంది, "విలువైన" మర్చిపోయాం. డెమోలో బటన్ నొక్కితే స్క్రీన్ వచ్చింది, చప్పట్లు కొట్టాం, ఇంటికెళ్లాం.

వెలాసిటీ, అంటే స్ప్రింట్‌కు ఎన్ని స్టోరీ పాయింట్లు పూర్తయ్యాయన్నది, ఒకే ఒక పనికి పనికొస్తుంది: అదే టీమ్ వచ్చే స్ప్రింట్‌లో ఎంత తీసుకోవాలో అంచనా వేసుకోవడానికి. దాన్ని టీమ్ గోడ దాటించకండి. రెండు టీమ్‌ల వెలాసిటీని పోల్చడం ఇద్దరి చెప్పుల సైజులు చూసి ఎవరు వేగంగా నడుస్తారో చెప్పడం లాంటిది. అది పెరగాలని టార్గెట్ పెడితే తప్పకుండా పెరుగుతుంది. నిన్నటి 3 పాయింట్ల పని ఇవాళ 5 అవుతుంది. కొలతను లక్ష్యం చేసేస్తే అది కొలతగా చెడిపోతుందన్న గుడ్‌హార్ట్ సూత్రం ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాటలోంచి పుట్టింది. మన స్ప్రింట్ బోర్డుకు అచ్చంగా సరిపోతుంది. స్టోరీ పాయింట్లను కనిపెట్టింది తనే అయ్యుండొచ్చని చెప్పుకునే రాన్ జెఫ్రీస్, అదే నిజమైతే అందుకు చింతిస్తున్నానని కూడా రాశారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

సాఫ్ట్‌వేర్ డెలివరీ మీద పరిశోధన చేసే డోరా (DORA) బృందం చెప్పే కొలతలు దీనికంటే చాలా మెరుగు. ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నాం (కొత్త కోడ్‌ను ప్రొడక్షన్‌లో పెడుతున్నాం), కోడ్ కమిట్ అయ్యాక ప్రొడక్షన్‌కు చేరడానికి ఎంతకాలం, డిప్లాయ్ చేసినవాటిలో ఎన్ని బెడిసికొట్టాయి, బెడిసికొడితే ఎంతసేపట్లో కోలుకున్నాం: ఈ నాలుగూ డోరా మొదట్నుంచీ చెప్తూ వచ్చినవి. వేగం చూసేవి రెండు, స్థిరత్వం చూసేవి రెండు. ఒకదాన్ని మోసం చేస్తే ఇంకోటి పట్టిస్తుంది. కానీ ఇవి చెప్పేది గొట్టం ఎంత శుభ్రంగా ఉందని. అందులో పారేది మంచినీళ్లో మురుగో చెప్పవు.

ఓకేఆర్‌లు, అంటే లక్ష్యాలూ వాటి కీలక ఫలితాలూ (Objectives and Key Results), ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ చేతిలో రూపుదిద్దుకున్నాయి, 1999లో జాన్ డోయర్ వాటిని గూగుల్‌కు తీసుకెళ్లారు. చేరాల్సిన చోటు ఒకటి, చేరామని చెప్పే అంకెలు రెండు మూడు. ఆలోచన బాగుంది, ఆచరణలోనే తప్పుతాం. "జూన్ లోపు కొత్త డాష్‌బోర్డ్ రిలీజ్ చేయడం" అని కీ రిజల్ట్ రాసిన టీమ్‌లు ఎన్నో చూశాను. అది చేయాల్సిన పని, ఫలితం కాదు. డాష్‌బోర్డ్ వల్ల ఎవరి ఏ పని ఎంత తగ్గాలి అన్నది ఫలితం. ఇంకో జాగ్రత్త: వీటిని అప్రైజల్‌కు ముడిపెడితే ఎవరూ కష్టమైన లక్ష్యం రాయరు.

ఎన్ని ఫీచర్లు ఇచ్చాం అన్నదాన్ని ఫలితంగా చూపించడం ఎందుకు ప్రమాదమో మైక్రోసాఫ్ట్ అనుభవం చెప్తుంది. రానీ కొహావీ, ఆయన సహచరులు అక్కడి ఆన్‌లైన్ ప్రయోగాలను చూసి ప్రచురించిన లెక్క ప్రకారం, ఏ కొలతను మెరుగుపరచాలని ఆలోచన చేశారో ఆ కొలతను నిజంగా మెరుగుపరిచినవి దాదాపు మూడో వంతే. తెలివైనవాళ్లు, బోలెడంత డేటా ఉన్నవాళ్లు చేసిన పనిలోనే ఇంత. ఫీచర్ రిలీజ్ అవడమే విజయమని సంబరం చేసుకుంటే, మన రిలీజుల్లో పనికిరానివి ఎన్నో మనకే తెలియదు.

నేను పెట్టుకునేది మూడే. బిజినెస్ అంకె ఒకటి, ఆరోగ్యం చెప్పే అంకె ఒకటి (డోరా నాలుగింటిలో టీమ్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది), వెలాసిటీ టీమ్ లోపల మాత్రమే. బిజినెస్ అంకెను ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి: టీమ్ చేసే పనితో కొన్ని వారాల్లో అది కదలగలదా? కంపెనీ ఆదాయం చాలా దూరం, దానికి వంద కారణాలు. సైన్అప్ మొదలుపెట్టినవాళ్లలో పూర్తి చేసినవాళ్ల శాతం దగ్గర. లోపలి టూల్స్ చేసే టీమ్‌కు కస్టమర్ ఎవరని అడుగుతారు. ఆ టూల్ వాడే ఉద్యోగే కస్టమర్. ఒక ఎంట్రీ పూర్తి చేయడానికి ఎన్ని నిమిషాలు పడుతోందన్నది చక్కటి అంకె, పక్కన కూర్చుని గడియారం చూసినా దొరుకుతుంది.

తారీఖు గట్టిగా ఉండాలా, పని గట్టిగా ఉండాలా?

పైవాళ్లతో నిజాయితీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కొత్త నిబంధన ఫలానా రోజు నుంచి అమల్లోకి వస్తుందంటే తారీఖు జరగదు. అప్పుడు పని కోయాలి, ఏది కోయాలో మొదటి వారంలోనే బిజినెస్ వాళ్లతో కూర్చుని రాసుకోవాలి. ప్రాణాలతో, డబ్బు లెక్కలతో ముడిపడ్డ భాగమైతే పని కోయలేం, తారీఖు జరగాలి. రెండూ జరగవని పట్టుబడితే నాణ్యత చడీచప్పుడు లేకుండా పక్కకు జరుగుతుంది, ఆ సంగతి రిలీజ్ అయ్యాక తెలుస్తుంది.

స్టేటస్ రిపోర్టుల్లో పుచ్చకాయ రిపోర్టు అని ఒకటుంది. పైకి పచ్చ, కోస్తే ఎరుపు. ఎనిమిది వారాలు పచ్చగా ఉండి తొమ్మిదో వారం ఒక్కసారిగా ఎర్రబడే ప్రాజెక్టు చూశారంటే మధ్యలో ఎవరో మొహమాటపడ్డారని అర్థం. రెండో వారంలోనే పసుపు పెట్టే లీడ్‌కు ఆ వారం చీవాట్లు పడతాయి. అయినా అప్పుడైతే ఏదైనా చేయడానికి టైమ్ ఉంటుంది.

ఒకే తారీఖు చెప్పాలా, రెండు తారీఖుల మధ్య అని చెప్పాలా? రెండోదే చెప్పండి. స్ప్రింట్‌కు తీసుకున్న పనిని కమిట్‌మెంట్ అనడం మానేసి ఫోర్‌కాస్ట్ అనడం స్క్రమ్ గైడ్ 2011లోనే మొదలుపెట్టింది. మీ టీమ్ గత రెండు మూడు నెలల్లో వారానికి ఎన్ని పనులు ముగించిందో చూసి, మంచి వారాల లెక్కన ఒక తారీఖు, చెడ్డ వారాల లెక్కన ఒక తారీఖు తీయండి. చెప్పేటప్పుడు చివరి తారీఖును ముందు చెప్పండి. "10 నుంచి 28 మధ్య" అంటే వినేవాళ్లకు 10 ఒక్కటే గుర్తుంటుంది. "28 లోపు, అన్నీ కలిసొస్తే 10కే" అంటే 28 గుర్తుంటుంది. కిటుకులా ఉంది కానీ రెండూ నిజాలే.

స్క్రమ్, కాన్‌బాన్, ఇంకా పెద్దవి

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఇక్కడ పెద్ద తికమక లేదు. ఈరోజు వేసుకున్న ప్లాన్ రెండు వారాలు నిలుస్తుందంటే స్క్రమ్. రోజూ కొత్త పని వచ్చి ప్లాన్‌ను చింపేస్తుందంటే కాన్‌బాన్. సపోర్ట్, ఆపరేషన్స్, ప్లాట్‌ఫామ్ టీమ్‌ల మీద స్ప్రింట్లు రుద్దితే ప్రతి రెండు వారాలకూ ఓడిపోయామన్న భావన తప్ప మిగిలేది లేదు.

స్క్రమ్‌ను కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఊప్స్లా అనే సాఫ్ట్‌వేర్ సదస్సులో లోకానికి చూపించారు. ఫలితం కోరే లీడ్‌కు అందులో అన్నిటికంటే విలువైనది స్ప్రింట్ చివర చేసిన పని చూపించే స్ప్రింట్ రివ్యూ. నిజంగా వాడే మనిషి వచ్చి కూర్చునే సందర్భం అదొక్కటే. మన టీమ్‌కు మనమే డెమో ఇచ్చుకుంటుంటే మొక్కుబడి తీర్చుకుంటున్నట్టు లెక్క. డైలీ స్క్రమ్‌లో, అంటే స్టాండప్‌లో, నిన్నేం చేశా, ఇవాళేం చేస్తా, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నలను గైడ్‌లోంచి 2020లో తీసేశారు, మీరూ తీసేయొచ్చు. స్ప్రింట్ గోల్‌కు దగ్గరవుతున్నామా అని అడిగితే చాలు.

కాన్‌బాన్ వేర్లు టొయోటాలో ఉన్నాయి. దాన్ని సాఫ్ట్‌వేర్ పనికి మలిచింది డేవిడ్ ఆండర్సన్, 2004లో మైక్రోసాఫ్ట్‌లోని ఒక మెయింటెనెన్స్ టీమ్‌తో మొదలైంది. దాని బలమంతా చేతిలో ఉన్న పనికి పరిమితి పెట్టడంలో ఉంది. లిటిల్ సూత్రం ప్రకారం, సగటున ఒక పని పూర్తవడానికి పట్టే కాలం అంటే చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి ముగిసే పనుల సంఖ్యతో భాగించడమే. చేతిలో 12 ఉండి వారానికి 3 ముగుస్తుంటే ఒక్కోటికి 4 వారాలు. ముగిసే వేగం అంతే ఉండి చేతిలో 6 ఉంచితే 2 వారాలు. ఎవరినీ పరుగెత్తించలేదు, ఓవర్‌టైమ్ లేదు. "అన్నీ మొదలుపెట్టాం" అని పైకి చెప్పుకునే సుఖం ఒక్కటి పోతుంది.

సేఫ్ (SAFe), లెస్ (LeSS) లాంటి పద్ధతులు ఎన్నో టీమ్‌లు ఒకే ప్రొడక్ట్ మీద పనిచేసేచోట పుట్టిన సమస్యల కోసం. మీకు ఉన్నది ఒకటో రెండో టీమ్‌లైతే వాటి జోలికి వెళ్లకండి.

మీ పరిస్థితికి ఏది?

టీమ్ కొత్తది, అంతకుముందు లీడ్ చేతిలో దెబ్బతిని ఉంది అంటే రెండు నెలలు గొడుగు, రెట్రోల్లో మీ తప్పులే ముందు, కొలతలు ఏవీ వద్దు. టీమ్ పాతది, బాగా అలవాటుపడింది, డెమోలు బ్రహ్మాండం, కానీ బిజినెస్ వాళ్లు పెదవి విరుస్తున్నారంటే పద్ధతి మార్చకండి, బిజినెస్ అంకె ఒకటి తెచ్చి బోర్డు మీద రాయండి. ప్రొడక్షన్ వారానికోసారి పడిపోతుంటే బిజినెస్ అంకె కూడా పక్కన పెట్టండి. ముందు డోరాలోని చివరి రెండు చక్కబడాలి. అప్పటిదాకా కొత్త ఫీచర్ అడిగినవాళ్లకు సూటిగా వద్దని చెప్పే పని మీది.

అన్నిటికంటే ఎక్కువగా వినే అభ్యంతరం ఇంకొకటి: "లెక్కలు మాకు ఇవ్వరండి, కాన్ఫిడెన్షియల్ అంటారు." నాకూ ఒకసారి అదే ఎదురైంది. ప్రొడక్ట్ హెడ్ ఆర్డర్ల సంఖ్య ఇవ్వనన్నారు, ఆయన కారణాలు ఆయనకున్నాయి. అసలు సంఖ్య వద్దు, మొదటి వారాన్ని 100 అనుకుని మిగతా వారాలు దానితో పోల్చి ఎంతో చెప్పండి చాలని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. ప్రతి సోమవారం ఒకే ఒక్క అంకె మెయిల్‌లో వచ్చేది. బర్న్‌డౌన్ చార్ట్ (స్ప్రింట్‌లో ఇంకా ఎంత పని మిగిలిందో చూపే గ్రాఫ్) పక్కన మూలకు దాన్ని రాసేవాళ్లం: 100, 103, 102, 104. మొదటి నెల దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఏడో వారం 91 వచ్చింది. స్టాండప్‌కు నేను రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లేసరికి ఇద్దరు అప్పటికే శుక్రవారం రిలీజ్ తాలూకు లాగ్‌లు తెరిచి, పాత ఫోన్లలో పేమెంట్ పేజీ తెల్లగా వస్తోందని పట్టుకున్నారు.